ఏ చెయ్యి ముందు కదిలింది?

"ఇచ్చెయ్యమనంగనే ఇచ్చెయ్యనీకి అదేమన్న గంప కింది కోడిపిల్లనా అత్తా?"

ద్వాలి గొంతు వార్డు దాటి వరండాలోకి వినిపించింది. మందుల ట్రాలీ తోసుకెళుతున్న ఆయా ఆగింది. పక్క మంచం మీది పిల్లవాడి తల్లి జావ కలపడం మానేసి ఇటు తిరిగి కూర్చుంది. ఆస్పత్రిలో పొద్దున పూట ఇంతకంటే మంచి కాలక్షేపం ఇంకేముంటుంది!

అత్త పూలి తగ్గే మనిషి కాదు. ఆమెకో అలవాటుంది. కోడలిని చాటుగా తిట్టాలంటే తండా మాటలో తిడుతుంది. పదిమందీ వినాలనుకుంటే తెలుగులోకి దిగుతుంది. ఇప్పుడు శుభ్రంగా తెలుగులోనే అందుకుంది.

"ఇచ్చెయ్యమని ఎవరన్నరే? భార్గవి ఈ దవాఖాన పక్కన్నే కిరాయికుంటది. నర్సు. టైముకు మందు పోస్తది. ఫిట్సొస్తే ఏం జెయ్యాల్నో దానికి ఎరుక. కొన్ని నెలలు పిల్లను ఆడ ఉంచుమన్న, గంతే. నిన్న ఏమాయె? తండా నుంచి భద్రాచలం వచ్చేలోపల బస్సుల్నే పిల్ల నీలంగ తిరిగిపాయె. నీ ఒడిల్నే పోతుండె."

"పోలేదు గదా! నా ఒడిల్నే ఉన్నది గదా!"

"రాముని దయ. నీ దయ కాదు."

ఇద్దరి మధ్యా కోటేష్ నిలబడి ఉన్నాడు. పిల్ల తండ్రి. ఆర్టీసీలో కండక్టరు. కిక్కిరిసిన బస్సులో టికెట్ టికెట్ అని గొంతు చించుకునే మనిషి, తల్లికీ పెళ్లానికీ మధ్య మాత్రం టికెట్ కొనని ప్రయాణికుడిలా ముడుచుకుపోతాడు.

"నువ్వన్న చెప్పు" అంది ద్వాలి.

"డాక్టరమ్మ ఏమంటదో చూద్దాం" అన్నాడు ఎవరి మొహమూ చూడకుండా.

మంచం మీద సోని కూర్చుని ఉంది. నాలుగేళ్ల పిల్ల. ఇంజెక్షన్ మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు. కుడిచేత్తో దుప్పటి కొస పట్టుకుని నానమ్మనీ, అమ్మనీ మార్చి మార్చి చూస్తోంది. ఉన్నట్టుండి దాని చూపు గుమ్మం వైపు తిరిగింది. మొహమంతా విచ్చుకుంది.

ద్వాలి వెనక్కి తిరిగి చూడలేదు. ఆ నవ్వు ఎవరికో ఆమెకు తెలుసు.

తెల్లటి యూనిఫాంలో భార్గవి లోపలికి వచ్చింది. కోటేష్ తమ్ముడు శ్రీధర్ పెళ్లాం, ద్వాలికి తోడికోడలు. శ్రీధర్ వేంసూరులో టీచరు, శనివారం వచ్చి సోమవారం తెల్లారకముందే వెళ్లిపోతాడు. పెళ్లయి ఐదేళ్లయినా వాళ్లకు పిల్లల్లేరు. తండాలో భార్గవి గురించి ఏం మాట్లాడినా ఈ చివరి మాట చేర్చకుండా ఎవరూ ఆపరు. మనమూ చేర్చాం.

"లేచినవా బంగారూ?" అంది భార్గవి.

సోని కుడిచెయ్యి చాచింది ఎత్తుకోమని.

ద్వాలికి భగ్గుమంది. తెల్లవార్లూ మంచం పట్టె మీద కూర్చున్నది తను. సూది గుచ్చినప్పుడు ఏడుస్తుంటే గట్టిగా పట్టుకున్నది తను. పొద్దున్నే ఎత్తుకోబోతే విదిలించి కొట్టిన పిల్ల, ఇప్పుడీమెకు చెయ్యి చాస్తోంది. సూది పట్టించిన చెయ్యి తల్లిదయింది, నవ్వు మాత్రం నర్సుదయింది.

"మేడం రౌండ్‌కు వచ్చేలోపల నేను పిల్లను చూసి రాయాలె. అందరూ బయట ఉండుండ్రి" అంది భార్గవి. "అక్కా, నువ్వుండు. నిన్ను కొన్ని అడగాలె."

అడగాలట! ద్వాలి చీరకొంగు నడుముకు బిగించి మంచానికి అటువైపు నిలబడింది. పూలి బయటికి పోయినట్టే పోయి గుమ్మం పక్కన చెవి ఆనించింది.

భార్గవి పని మొదలుపెట్టింది. చిన్న టార్చి వేసి సోని కళ్లలోకి చూసింది. పేరు అడిగింది, నాలుక చాపమంది. తన చూపుడువేలు పిల్ల కుడి గుప్పిట్లో పెట్టి "పిండు, ఇంకా గట్టిగ పిండు" అంది. సోని పిండింది. అదే వేలు ఎడమ గుప్పిట్లో పెట్టింది. అక్కడ బొటనవేలు లోపలికి మడిచి ఉంది. సోని ఊరికే చూసింది.

ఒక రంగురంగుల చిన్న డబ్బా తీసి ఎడమవైపు నుంచి చూపించింది. సోని కుడిచేతిని ఒంటి మీదుగా అటు చాపి అందుకుంది. చెంచాడు నీళ్లు తాగించి గొంతు కదలిక చూసింది. కిందికి దింపి నడిపించింది. తర్వాత మంచం కింది చెప్పులు తీసి అడుగుభాగం తిప్పి చూసింది. ఎడమ చెప్పు వేళ్ల దగ్గర అరిగి పలచబడింది.

"ఎడమకాలు ఈడుస్తదా అక్కా?"

"పాత చెప్పులవి."

"కుడిది అరగలేదు."

"అయితే కుడిది కొత్తదనుకో."

భార్గవి ఆ వెటకారం వినిపించుకోలేదు. ఆమె అట్లా వినిపించుకోకపోవడమే ద్వాలికి పుండు మీద కారం. కోపం తెచ్చుకుంటే పోట్లాడొచ్చు. ఇంత ఓపిగ్గా ఉన్న మనిషిని ఏం చెయ్యాలి?

"ఎడమ చెయ్యి ఎప్పటి సంది తక్కువ వాడుతున్నది?"

"మొన్న గడపల పడ్డది. చెయ్యి నొస్తున్నది. గంతకుమించి ఏం లేదు."

ఇది అబద్ధం. ఎందుకు చెప్పిందో ద్వాలికి కూడా అప్పటికప్పుడు తెలియలేదు. నోరు తెరిస్తే వచ్చేసింది. తన బిడ్డలో ఒక్కో లోపాన్నీ ఈవిడ వేలుపెట్టి చూపిస్తుంటే, ఒక్కదానికైనా అడ్డం పడాలనిపించింది.

భార్గవి రాస్తున్న పెన్ను ఆపి తలెత్తింది.

"సరే. ఇది మాత్రం బాగ యాదికి తెచ్చుకొని చెప్పు అక్కా. ఫిట్సు మొదలైనప్పుడు ముందు ఏ చెయ్యి కదులుతది? ఒక్క పక్కకే మొదలైతదా, రెండు పక్కలా ఒక్కసారే వస్తదా?"

ద్వాలి గుమ్మం వైపు చూసింది.

సోనికి మూడేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. కన్నతల్లి ఒక్కసారి కూడా చూడలేదు.

ఫిట్స్ వచ్చేటప్పుడు కన్నతల్లి కన్ను పడితే ఆ పీడ బిడ్డ ఒంట్లోనే ఇల్లు కట్టుకుంటుందని పూలి పుట్టింటి నమ్మకం. మొదటిసారి ఫిట్స్ వచ్చి తగ్గాక ద్వాలి పరుగెత్తుకొచ్చి బిడ్డ మీద పడి ఏడిచింది. ఆ గంటలోనే రెండోసారి వచ్చాయి. "చూసినవు గదనే, నీ కన్ను తగిలింది" అంటూ పూలి పిల్లను లాక్కుంది. ఆ మాట ద్వాలి గుండెల్లో మేకులా దిగింది. అప్పటినుంచి పిల్ల కళ్లు తేలేస్తే చాలు, పూలి పిల్లను లాక్కుని కొంగు కప్పేస్తుంది, ద్వాలి గోడవైపు తిరిగి నిలబడుతుంది. నిన్న బస్సులో బిడ్డ తన ఒడిలోనే కొట్టుకుంటుంటే కూడా పూలి దాని మీద కొంగు కప్పింది, ద్వాలి కిటికీ బయట పోతున్న టేకుచెట్లను చూస్తూ కూర్చుంది. తొడల మీద ఆ అదురు తెలుస్తూనే ఉంది. తల మాత్రం దించలేదు.

ఈ సంగతి ఎట్లా చెప్పడం? అందులోనూ ఈమెకు? 'నేను చూడలేదు' అంటే ఏముంది, తల్లివై ఉండి చూడలేదా అంటారు. చూడని తల్లి దగ్గర పిల్లెందుకు, చూసే నర్సు దగ్గరే ఉండనీ అంటారు. గుమ్మం పక్కన అత్త ఊపిరి కూడా వినిపిస్తోంది.

"రెండు చేతులు" అంది ద్వాలి. "రెండు చేతులు, రెండు కాళ్లు. ఒక్కసారే."

"నువ్వు చూసినవా?"

"చూడకుంటనే కన్ననా, పెంచిననా?"

భార్గవి ఇంకేమీ అడగలేదు. రాసుకుంది. ఆమె పెదవి చివర ఏదో చిన్న కదలిక కనిపించింది ద్వాలికి. నవ్వో కాదో తెలియలేదు.

*

డాక్టర్ తబస్సుం రౌండ్‌కు వచ్చేసరికి వార్డు నిండుగా ఉంది. వానాకాలం జ్వరాలు. ఆమె నిలబడే పేజీ తిరగేసింది.

"ఎడమ చెయ్యి సరిగా వాడటం లేదా?"

"పడ్డదట మేడం, తల్లి చెప్పింది" అంది భార్గవి.

"ఫిట్స్ ఎటు నుంచి మొదలవుతున్నాయి?"

"రెండు వైపులా ఒకేసారి అంటోంది మేడం."

తబస్సుం ద్వాలి వైపు తిరిగింది. ఖమ్మంలో బట్టల వ్యాపారం చేసే ఇంటి ఆడపిల్ల. మాట మెత్తగా ఉంటుంది కానీ తొందర ఎక్కువ. "ఆలోచించుకుని చెప్పమ్మా. ఒక్క చేతి నుంచే మొదలవుతుంటే తలలో ఆ చోట ఏముందో చూడాలి. ఖమ్మం పంపించి స్కాన్ తీయించాలి, మందు కూడా మార్చాలి. ఒకేసారి ఒళ్లంతా అంటే దారి వేరు. ఇక్కడ నువ్వు చెప్పేదే మాకు కళ్లు."

నువ్వు చెప్పేదే కళ్లు! చెప్పేద్దామా అనుకుంది ద్వాలి. అప్పుడే సోని భార్గవి యూనిఫాం అంచు పట్టుకుని ఆమె నడుముకు తల ఆనించింది. భార్గవి చెయ్యి దానంతటదే వెళ్లి పిల్ల జుట్టు నిమిరింది. నిన్న పొద్దున తను నూనె రాసి దువ్విన జుట్టు.

"రెండు చేతులే మేడం" అంది ద్వాలి గట్టిగా.

"సరే. ఇప్పుడిస్తున్న మందే కొంచెం పెంచుదాం. ఎల్లుండి ఇంటికి వెళ్లొచ్చు. చెయ్యి సంగతి రేపు నేనే చూస్తా."

ఇంటికి! ద్వాలి తల ఎత్తి తోడికోడలి వైపు చూసింది. గెలిచినట్టే అనిపించింది. భార్గవి తల వంచుకుని మందు పేరు రాసుకుంటోంది. ఓడిపోయిన మనిషి మొహం అంత ప్రశాంతంగా ఎందుకుందో ద్వాలికి తట్టలేదు. సంతోషంలో ఉన్నవాళ్లకు చాలా సంగతులు తట్టవు.

*

మధ్యాహ్నం కోటేష్ తల్లిని తీసుకుని భోజనానికి కిందికి వెళ్లాడు. వార్డు అవతలి కొసన భార్గవి ఎవరికో సెలైన్ పెడుతోంది. ద్వాలి సోనికి పప్పన్నం కలిపి తినిపిస్తోంది.

"ఇంటికి పోదామా? మేకపిల్ల నిన్ను అడుగుతున్నదంట."

సోని నవ్వబోయింది. నవ్వు మధ్యలో ఆగిపోయింది. చూపు ఎక్కడో నిలిచిపోయింది.

ద్వాలి మెడ దానంతటదే గోడవైపు తిరిగింది. ఆలోచించి తిప్పలేదు. మూడేళ్ల అలవాటు. గోడ మీద టీకాల బొమ్మ ఉంది. బొమ్మలో తల్లి బిడ్డను ఎత్తుకుని నవ్వుతోంది.

వెనక మంచం కిర్రుమంటోంది. అత్త లేదు. మొగుడు లేడు. కేకేస్తే భార్గవి పరుగెత్తుకొస్తుంది. వచ్చి చూస్తుంది. మళ్లీ అదే చూస్తుంది. నా బిడ్డ బాధ కూడా దాని కళ్లకే దక్కుతుంది, నాకు గోడ దక్కుతుంది!

తల్లి ప్రేమ ఆమెను వెనక్కి తిప్పిందని రాస్తే మనకూ బాగానే ఉంటుంది. కానీ నిజం అది కాదు. ఆ క్షణాన ద్వాలి మెడ తిప్పింది ఓర్వలేనితనమే.

చూసింది.

సోని ఎడమ బొటనవేలు గుప్పిట్లో అదురుతోంది. ఒక్క వేలే. తర్వాత గుప్పిలి. తర్వాత మోచెయ్యి. కుడిచెయ్యి అన్నం మెతుకులతో ఊరికే ఒడిలో పడి ఉంది. మూతి ఎడమకు లాగింది, కళ్లు అటే తిరిగాయి. ఆ తర్వాతే ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకోవడం మొదలైంది.

"భార్గవీ!" అని అరిచింది ద్వాలి.

భార్గవి పరుగున వచ్చింది. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లోంచి జారిన మెతుకులు తుడిచింది. గొంతు దగ్గర గుండీ విప్పింది. "చేతులు గట్టిగ పట్టకు అక్కా. ఊపిరి ఆడనీ." ఆయా చేత డాక్టరుకు కబురంపింది. సూది వేసింది. మెల్లగా ఆ కుదుపు సద్దుమణిగింది. సోని ఒళ్లు చల్లని చెమటతో తడిసిపోయింది. ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఇద్దరు ఆడవాళ్లూ మంచానికి అటూ ఇటూ కూలబడ్డారు.

"చూసిన" అంది ద్వాలి. ఏడుస్తోంది. "నేను చూసిన. ఎడమ బొటనవేలు. ముందు అదే. తర్వాత మూతి."

"అవ్" అంది భార్గవి పిల్ల నుదురు తుడుస్తూ. "ఎప్పుడొచ్చినా గట్లనే మొదలైతది."

ద్వాలి ఏడుపు ఆగిపోయింది.

"ఎప్పుడొచ్చినా? నీకెట్ల ఎరుక?"

భార్గవి చెయ్యి నుదుటి మీదే ఉండిపోయింది.

"చెప్పు. నీకెట్ల ఎరుక?"

"తీజ్ పండుగకు తండాకు వచ్చినప్పుడు... నా ఒడిల ఉండంగ రెండుసార్లు వచ్చినయి. నువ్వు బయట గోడదిక్కు తిరిగి ఉన్నవు. నేను మొత్తం చూసిన."

"అంటే పొద్దున నేను చెప్పింది అబద్ధమని నీకెరుక?"

భార్గవి పిల్ల దుప్పటి సర్దింది.

"నేను ఒక్కనాడు కూడ చూడలేదని నీకెరుక?"

"ఎరుకే."

"ఎరుకుండి రాసినవా? మేడం ముంగట నిలబడి, రెండు పక్కలా అంటున్నదని చెప్పినవా?"

ఈసారి భార్గవి గొంతులో నర్సు లేదు.

"సాయంత్రం మేడంకు నేనే చెప్దామనుకున్న. తల్లికి ఏం తెల్వదు, నేను చూసిన అని. అప్పుడు బావ, అత్తమ్మ అందరూ ఒప్పుకుంటరు, పిల్ల నా దగ్గరే ఉండాల్నని. నువ్వు రెండు చేతులనంగనే నాకు సంతోషమైంది అక్కా. నిజంగ సంతోషమైంది. నీకు కడుపు పండింది, నీకు పిల్ల ఉన్నది, ఆ పిల్లను చూడకుండ గోడను చూసుకుంట నిలబడ్డవు. నాకెంత మండిందో నీకేమెరుక?"

ద్వాలి ఆమెను చూసింది. కళ్లలో నిప్పులు పోసుకున్నది తనొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ. అటువైపు పొయ్యి ఇంకా పెద్దది.

"సాయంత్రం దాకా ఆగితే, ఇప్పుడొచ్చినట్టే వచ్చి పిల్ల పోతే?"

భార్గవి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

*

తబస్సుం వచ్చేసరికి కోటేష్, పూలి కూడా మెట్లెక్కి వచ్చారు. డాక్టరు పిల్లను చూసింది, కళ్లు చూసింది, ఎడమ చెయ్యి ఎత్తి వదిలింది. అది మంచం మీద టప్పున పడింది.

"ఎవరు చూశారు మొదటినుంచీ?"

"నేను మేడం. ఎడమ బొటనవేలు ముందు కదిలింది" అంది ద్వాలి.

తబస్సుం మొహం గంభీరమైంది. "పొద్దున రెండు చేతులని రాసుంది. దాన్ని పట్టుకుని నేను స్కాన్ వద్దనుకున్నాను. ఎవరి పొరపాటిది? సిస్టర్, నువ్వు సరిగ్గా అడగలేదా?"

భార్గవి లేచి నిలబడింది. పెదవులు తెల్లబడ్డాయి. ఆమె ఉద్యోగం ఇప్పుడు ద్వాలి నాలుక చివర ఉంది. ఒక్క మాట చాలు. ఈమెకు తెలుసు మేడం, తెలిసే రాసింది. ఆ మాటతో ఈ తెల్లబట్టలూ పోతాయి, పిల్లను ఉంచుకుంటానన్న ఆశా పోతుంది.

ద్వాలి నోరు తెరిచింది.

"ఆమె సక్కగనే అడిగింది మేడం. నేనే అబద్ధం చెప్పిన. చెయ్యి నొస్తున్నదన్నది కూడ అబద్ధమే. ఫిట్సు నేనెన్నడు చూడలేదు. ఇయ్యాల్నే చూసిన."

జాలితో అనలేదు. మంచితనంతో అంతకన్నా కాదు. తన బిడ్డకు జరిగిన అన్యాయంలో కూడా భార్గవికి వాటా ఇవ్వబుద్ధి కాలేదు. తప్పయితే తప్పు, అది కూడా తల్లిదే కావాలి.

పొద్దున జావ కలిపిన తల్లి మళ్లీ ఇటు తిరిగింది. పూలి తెలుగులోనే అంది: "విన్నవా కోటేషూ? డాక్టరమ్మకు అబద్ధం చెప్పి పిల్ల పానం మీదికి తెచ్చింది. ఇంక దీని చేతికి పిల్లనెట్ల ఇస్తవు?"

"అత్తా, చూడొద్దని నన్ను గోడకు తిప్పింది నువ్వు!"

"నేను చూడొద్దంటి. అబద్ధం ఆడుమంటినా?"

ద్వాలి మొహం తిప్పుకుని సోని చెమట తుడిచింది.

"పోట్లాటలు తర్వాత" అంది తబస్సుం చిరాగ్గా. "జీపు తెప్పిస్తున్నాను. జల్దీ ఖమ్మం తీసుకెళ్లండి. అక్కడ డాక్టరుకు ఫోన్ చేస్తాను. దారిలో మళ్లీ వస్తే చూసుకోవడానికి సిస్టర్ వెంట వెళ్తుంది. ముందు సీట్లో తండ్రి. వెనక పిల్లను పడుకోబెట్టాలి, సిస్టర్ కాక ఇంకొకరికే చోటు. సెలైన్ పట్టుకోవడానికి ఆయాని పంపుతా."

"నేను పట్టుకుంట మేడం, నేను తల్లిని" అంది ద్వాలి.

తబస్సుం ఆమె వైపు చూసింది. పొద్దున్న చూసిన చూపు కాదది. "ఇంటివాళ్లు తేల్చుకోండి" అని వెళ్లిపోయింది.

కింద జీపు హారన్ మోగింది. కోటేష్ వంగి సోనిని చేతుల్లోకి ఎత్తుకున్నాడు. పిల్ల తల అతని భుజం మీద వేలాడింది. పెళ్లాన్ని చూశాడు. తల్లిని చూశాడు. జీవితంలో మొదటిసారి అతను తేల్చాల్సి వచ్చింది.

"నేనే పోత" అంది ద్వాలి. "నీ కాళ్లు మొక్కుత. నన్ను పోనీ."

"నువ్వు అబద్ధం చెప్పకుంటే పొద్దున్నే ఖమ్మంల ఉండేవాళ్లం" అన్నాడు కోటేష్. గొంతు పెద్దది కాలేదు. పెద్దదయితే బాగుండనిపించింది ద్వాలికి. "అమ్మ చెప్పింది నిజమే. ఆయాను రానీ. నువ్వీడనే ఉండు."

ద్వాలి భార్గవి వైపు చూసింది. అడగలేదు. అడగాల్సిన పని లేదు. ఒక్క మాట, నాక్కూడా తెలుసు బావా, తప్పులో సగం నాది అని ఒక్క మాట అంటే చాలు, ఈ మనిషి ఆగుతాడు, ఆలోచిస్తాడు.

భార్గవి కూడా ద్వాలిని చూసింది. కళ్ల నిండా నీళ్లున్నాయి. పెదవులు విడివడ్డాయి. చెప్పేస్తుందనే అనుకుంది ద్వాలి.

"పిల్లను ఇటియ్యి బావా" అంది భార్గవి రెండు చేతులూ చాచి.